చివరి పేజీ కింది సగం

పత్రికలో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే ఈ కాలం పిల్లలు కళ్లు పెద్దవి చేసి, ఏం వార్తలు రాశారు మేడం అని అడుగుతారు. వార్తలు రాసేవాళ్లు పై అంతస్తులో ఉండేవాళ్లు నాయనా, నేను కింది అంతస్తు మనిషిని. కరీంనగర్ ఎడిషన్‌లో ప్రకటనల విభాగం నాది. పుట్టినరోజు శుభాకాంక్షలు, దశదిన కర్మ, ప్రథమ వర్ధంతి, పాసుపుస్తకం పోయినది, ఇల్లు అద్దెకు కలదు. పై అంతస్తు వాళ్ల జీతాలు వీటి మీదే వచ్చేవి. ఆ మాట గుర్తుచేసినప్పుడల్లా నాకు పొగరని అనేవాళ్లు. కొంచెం ఉండేది, లేదనను.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏ ప్రకటన వెయ్యాలో ఏది వెయ్యకూడదో ఎట్లా తెలుస్తుందని అడుగుతుంటారు. హెడ్డాఫీసు నుంచి నియమాల పుస్తకం ఒకటి వచ్చిన మాట నిజమే. దాన్ని మా ఆపరేటర్ కంప్యూటర్ తెర కింద ఎత్తు కోసం పెట్టుకున్నాడు. అందువల్ల పుస్తకంలో ఏముందో నాకు తెలియదు. ఒక రోజు సంగతి మాత్రం తెలుసు, అది చెప్తాను.

ముందు మా వైపు మనుషుల గురించి ఒక మాట. పేపర్లో ఫోటో అంటే మావాళ్లకు ప్రాణం. పర్సులో డబ్బు లేకపోయినా పాస్‌పోర్ట్ ఫోటో ఉంటుంది. పేపర్లో వేస్తాం, ఫోటో ఇవ్వండి అంటే చాలు, తీసి చేతిలో పెడతారు. దేనికి అని అడిగిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. అడిగితే ఎక్కడ వద్దంటారోనని భయం కాబోలు.

ఇక బొగ్గుబాయిల వైపు అయితే మరీ. మంచిర్యాల దగ్గర నస్పూర్ కాలనీల్లో ఒక మనిషి బాయి పని చాలించి ఇంటికి వచ్చే రోజు సగం పెళ్లి. నెలాఖరున బాయి దగ్గర శాలువా, దండలు, అక్కడి నుంచి ఇంటి దాకా డప్పులతో ఊరేగింపు. ఆ పొద్దున మా పేపర్లో పదవీ విరమణ శుభాకాంక్షలు. మధ్యలో ఆయన, చుట్టూ గుండ్రటి చిన్న చిన్న ఫోటోల్లో ఇంటిల్లిపాది. ప్రతి ఫోటో కింద పేరు, పేరు కింద వరస. భార్య, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, మనుమడు. ఒక్కరు తప్పిపోయినా ఆ ఇంట్లో మాటలు బంద్ అవుతాయి. ఒకసారి మావాళ్లు ఎవరింటిదో చిన్నల్లుడి ఫోటో మరిచిపోతే, ఆ అల్లుడు మా ఆఫీసుకే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మరునాడు ఆయన ఒక్కడి ఫోటోతో సవరణ వేస్తే గాని లేవలేదు.

నస్పూర్ నుంచి ఇలాంటివన్నీ తెచ్చేది అక్కడి మా విలేకరి. మండల విలేకరి అంటే వార్తలూ రాయాలి, ప్రకటనలూ తేవాలి, ఆ ప్రకటనల కమిషన్ మీద బతకాలి. ఏడాదికి ఇంత అని టార్గెట్ ఉంటుంది. మార్చి నెలాఖరుకు అది అందకపోతే మెడలో ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాలి. మంచి హుషారైన మనిషి, అందరికీ కావలసినవాడు, టార్గెట్ మాత్రం ఏనాడూ అందుకున్నవాడు కాదు. ఆ ఏడు కూడా తప్పితే కార్డు ఉండదని హెడ్డాఫీసు ముందే చెప్పింది. చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన ఫోటోల కట్ట ఒకటి పెట్టుకుని తిరిగేవాడు. ఊళ్లో ఎవరి ఫోటో కావాలన్నా అందులో ఉండేది.

మార్చి ఆఖరు రోజు పేపర్ తయారవుతున్న పూట ఆయన పొద్దున్నే కరీంనగర్ వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటకుండా ఆయన మొహం చూసింది అదే మొదలు. జిల్లా సంచిక చివరి పేజీ, కింది సగం, రంగుల్లో, కన్ఫర్మ్ అన్నాడు. టార్గెట్ పూర్తయినట్టే. నాకూ సంతోషమే అయింది. టీ తెప్పించి, ప్రకటన చదవడం మొదలుపెట్టాను.

అది ఒక ఆధ్యాత్మిక కేంద్రం వాళ్లది. పేరు చెప్పను. ఏ మతం వాళ్లదని కూడా అడక్కండి, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. మగవాడు మగవాడిని, ఆడది ఆడదాన్ని ఇష్టపడడం రోగమనీ పాపమనీ, కోర్టు ఒప్పుకున్నా దేవుడు ఒప్పుకోడనీ రాశారు. అట్లాంటి సంతానం కన్నవారి పాపఫలమట. వాళ్లను ఇంట్లో ఉంచుకుంటే వానలు కూడా వెనకాడతాయట. తమ కేంద్రంలో కొన్నాళ్లు ఉంచితే దారిలో పెట్టి పంపిస్తారట. కింద 'నివేదించువారు' అని రెండు వరసల్లో భక్తుల ఫోటోలు, అందరూ పెళ్లికి వచ్చినట్టు నవ్వుతున్నారు.

నాకు కోపం వచ్చింది. ఆ విషయంలో నాకు పెద్ద జ్ఞానం ఉందని కాదు. ఆ రోజుల్లో దాని గురించి మా ఇళ్లలో ఎవరూ మాట్లాడేవాళ్లు కారు, నేనూ అంతే. కానీ ప్రకటనల మనిషికి ఒక అలవాటు ఉంటుంది, చదివేవాళ్ల ఇల్లు కళ్ల ముందు కనపడుతుంది. పొద్దున్నే టీ తాగుతూ ఈ పేజీ తిప్పే ఇంట్లో అట్లాంటి పిల్లవాడో పిల్లో ఉంటే, పక్కనే అమ్మానాన్నలు కూర్చుని ఉంటే, ఆ టీ ఎట్లా దిగుతుందనిపించింది. ఇది వెయ్యనని కాగితం తిరిగి ఇచ్చేశాను.

విలేకరి మొహం వాడిపోయింది. "మేడం, గిదొక్కటి పోతె నా కార్డు పోతది," అన్నాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, స్కూలుకు పోతున్నారు. ఆ కార్డు ఉంటేనే ఊళ్లో ఏ పనికైనా మనిషి లెక్క. నాకూ తెలుసు. ఇద్దరం కలిసి ఎడిషన్ ఇన్‌చార్జి దగ్గరికి పోయాం.

మా ఇన్‌చార్జి సారు చదువుకున్నవాడు, సౌమ్యుడు, జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. ఏది అడిగినా 'చూద్దాం' అనేవాడు. సెలవు అడిగినా చూద్దాం, భూకంపం వచ్చిందన్నా చూద్దాం. ప్రకటన అంతా చదివి, కళ్లజోడు తీసి, హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లు మీ ఎడిషన్ సంగతి మీరే తేల్చుకోండని చెప్పి ఫోన్ పెట్టేశారు. సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సాయంత్రం దాకా ఉంది కదా, చూద్దాం అన్నాడు.

కిందికి దిగేసరికి నా బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. ఇంచుమించు నా ఈడే ఉంటుంది. చేతిలో సంచి, సంచిలో నీళ్ల సీసా, ఫోన్ మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. విలేకరిని చూసి ఆమె లేచి నిలబడింది, ఆమెను చూసి ఆయన వెనక్కి మెట్లెక్కబోయాడు. చొక్కా పట్టుకుని ఆపాను.

ఆమెది నస్పూరే. మరునాడు ఆమె భర్త బాయి నుంచి రిటైరవుతున్నాడు. శుభాకాంక్షల ప్రకటన విలేకరికి ముందే ఇచ్చింది, ఫోటోలతో సహా. అంతా బాగానే ఉంది. అయితే మా విలేకరికి ఒక అలవాటు ఉంది. ప్రకటన తయారు కాగానే, అందులో ఫోటోలు ఉన్నవాళ్లంతా చూసి మురుస్తారని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. కేంద్రం వాళ్ల ప్రకటన కూడా అట్లాగే పెట్టాడు. ఆమె ఫోన్ తెరిచి కింది వరసలో ఒక ఫోటో మీద వేలు పెట్టింది.

"గీ నీలం అంగీ నేనే కొన్న అక్కా, రిటైర్మెంటు కోసమని. స్టూడియోల ఫోటో దింపిచ్చి గీయన చేతుల పెట్టిన. మా ఇంటి ప్రకటనల పెట్టమన్న. గిండ్ల ఎందుకు పెట్టిండు?"

నేను విలేకరి వైపు చూశాను. ఆయన నెత్తి గోక్కున్నాడు. కేంద్రం వాళ్లకు భక్తుల ఫోటోలు తక్కువ పడ్డాయట. ఆ పెద్దమనిషి గురువారాలు కేంద్రానికి పోతాడు కదా అని, జేబులో ఉన్న ఫోటోనే వాడుకున్నాడట. అడగలేదా అంటే అడిగాడట. కేంద్రం తరఫున పేపర్లో వేస్తున్నానంటే ఆయన సరే అన్నాడట. ఏం ప్రకటన అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. చెప్పాను కదా, మావాళ్ల సంగతి.

వేరే ఇల్లయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లమే. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. తనకు పెళ్లి సంబంధాలు చూడొద్దనీ, తాను ఒక అబ్బాయితో కలిసి ఉంటున్నాననీ వచ్చి చెప్పి రెండేళ్లయింది. ఆ అబ్బాయిది బోథ్ దగ్గర పల్లె. వాళ్ల ఇంట్లో సంగతి తెలిసిన రోజే బయటికి పంపారు, మళ్లీ పిలవలేదు. ఈమె మాత్రం ఏడ్చి, తిట్టి, అలిగి, చివరికి మామిడికాయ తొక్కు రెండు డబ్బాలుగా పంపడం నేర్చుకుంది. ఆయన సంగతే అంతు పట్టలేదు. కోప్పడలేదు, ఒప్పుకోలేదు. కొడుకు ఫోన్ చేస్తే 'తిన్నవా' అని అడుగుతాడు, తిన్నానంటే ఫోన్ ఆమెకు ఇస్తాడు. రెండేళ్లుగా ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య ఉన్న మాట అదొక్కటే.

రిటైర్మెంటుకు కొడుకు వస్తానన్నాడు. సెలవు కూడా పెట్టుకున్నాడు. పొద్దున వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆ ప్రకటన అతని దాకా పోయింది. పాపఫలం అన్న అక్షరాల కింద బాపు నవ్వుతున్న ఫోటో. వెంటనే తల్లికి ఫోన్ చేశాడు. ఇది రేపు పేపర్లో వస్తే నేను రాను, రేపే కాదు, మళ్లీ ఎప్పుడూ రాను అన్నాడట. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కరీంనగర్ బస్సెక్కింది.

"మా ఆయనను అడుగుదమంటె భయమైతుంది అక్కా," అంది. "తెలిసే ఇచ్చిండని అంటె, ఇగ నేనేం జెయ్యాలె?"

ఇంటికి పొమ్మంటే పోనంది. నా టిఫిన్ డబ్బాలో సగం పెట్టి, పక్క గదిలో కూర్చోబెట్టాను. ఆమె ఇచ్చిన రిటైర్మెంటు ప్రకటన తెరిచి చూస్తే అది చివరి పేజీలోనే, మూలన, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంది. కేంద్రం వాళ్లది వస్తే అది సరిగ్గా దాని పక్కనే వస్తుంది. ఒకే నీలం చొక్కా రెండు చోట్లా.

మధ్యాహ్నం తర్వాత కేంద్రం నిర్వాహకుడు వచ్చాడు. పెద్ద బట్టల దుకాణం ఆయనది, మాట మెత్తన, మా పేపర్‌కు దసరాకు దీపావళికి ప్రకటనలు ఇచ్చే మనిషి. ప్రకటన ఆగిందని విలేకరి చెప్పి ఉంటాడు. వెంట బలగంగా ఇద్దరు భక్తులను తెచ్చుకున్నాడు. అందులో ఒకాయన నీలం చొక్కా వేసుకుని ఉన్నాడు.

పక్క గది గుమ్మంలోకి వచ్చిన ఆమె ఆయనను చూసింది. ఆయన ఆమెను చూశాడు. ఆయన ఆ పూట ఆఖరి డ్యూటీకి పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చాడట. ఆమె గాజుల కోసం పెద్దపల్లిలో చెల్లెలింటికి పోతున్నానని పొరుగింట్లో చెప్పి వచ్చిందట. ఇద్దరూ దొరికిపోయారు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఒకరికొకరు అబద్ధం చెప్పి ఒకే ఆఫీసులో కలుసుకున్న దంపతులను నేను మళ్లీ చూడలేదు. "గాజులు దొరికినయా?" అని మాత్రం అడిగాడాయన. ఆమె తల అడ్డంగా ఊపింది.

అందరం సారు గదిలోకి పోయాం. నిర్వాహకుడు గొంతు పెంచలేదు. మీ పేపర్ మీద గౌరవంతో అడుగుతున్నాను, మా ప్రకటనలో బూతు మాట ఉందా, ఎవరి పేరైనా ఉందా అని అడిగాడు. మా గురువు చెప్పిన మాట చెప్పుకునే హక్కు మాకు లేదా అన్నాడు. ఉంది, మీ కేంద్రంలో చెప్పుకోండి, ఇంటింటి గడప లోపలికి మా చేత ఎందుకు వేయిస్తారన్నాను. అప్పుడాయన నెమ్మదిగా మా సంచిక తిప్పి, లోపలి పేజీలో ఒక పెట్టె చూపించాడు.

"గీ లాడ్జి డాక్టర్లది ఏస్తరు గదా మేడం. మంగళారం మంగళారం బస్టాండు ఎదురుంగ లాడ్జిల ఉంటమని, రహస్యంగ కలువుమని. గది నడుస్తది, మాది నడువదా?"

నిజం చెప్తున్నాను, ఆ పెట్టె వారం వారం నా చేతుల మీదుగానే పోయేది. సారు ఆ పేజీని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. చూద్దాం అని కూడా అనలేకపోయాడు. నిర్వాహకుడు గెలిచినట్టే అనిపించింది. విలేకరి మొహంలో రంగు రావడం నాకు కనపడింది.

అప్పుడు నీలం చొక్కా పెద్దమనిషి మాట్లాడాడు. కళ్లద్దాలు ఇంట్లోనే మరిచిపోయి వచ్చాననీ, ప్రకటనలో ఏముందో ఎవరైనా చదివి వినిపించమనీ అన్నాడు. నిర్వాహకుడు, అంతా మంచి మాటే బాపూ, మన గురువు మాటే అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. నా వైపు తిరిగాడు.

నేను చదివాను. వానలు, దేవుడు, కోర్టు, అన్నీ చదివాను. పాపఫలం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించబోయాను. గట్టిగానే చదవమన్నాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఏమంటాడో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

బాయిలో పనిచేసిన చాలామంది లాగే ఆయనకూ మాటలు లెక్కపెట్టి వాడడం అలవాటు.

"గీ మాట కింద నా ఫోటో ఉన్నదా?" అని అడిగాడు.

ఉందన్నాను.

ఆయన విలేకరి ఎదురుగా పోయి చెయ్యి చాపాడు. "నా ఫోటో నాకియ్యి."

విలేకరి జేబులోంచి కట్ట తీశాడు. తొందరలో లాగేసరికి రబ్బరు బ్యాండు తెగిపోయి ఊరు ఊరంతా సారు గది నేల మీద పడింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. దొరికిన ఫోటోను ఆయన ప్యాంటుకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నిర్వాహకుడు ఒక్క ఫోటో పోతే ఏం కాదు, మిగతాది వెయ్యండి అన్నాడు. రెండో భక్తుడు మెల్లగా వంగి నేల మీద తన ఫోటో కూడా వెతుక్కుంటున్నాడు. అది నిర్వాహకుడు చూడలేదు, నేను చూశాను.

అప్పుడు మా సారు లేచి నిలబడ్డాడు. "ఇది మేం వెయ్యం," అన్నాడు. తర్వాత ఆ లాడ్జి పెట్టె మీద వేలు పెట్టి, మీరు చెప్పింది నిజమే, వచ్చే వారం నుంచి ఇది కూడా ఉండదు అన్నాడు. ఆయన నోటి వెంట కాదన్న మాట వినడం మాకెవరికీ అలవాటు లేదు. ఆయనకు కూడా లేదేమో, వెంటనే కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. కేంద్రం వాళ్లు వారం లోపల చౌరస్తాలో మా పేపర్ ప్రతులు తగలబెట్టారు. తగలబెట్టిన ఫోటో, వార్త కూడా మా విలేకరికే పంపి, జర మంచిగ వెయ్యమని చెప్పారు. మావాళ్లు వేశారు కూడా. ఆ నెలలోనే ఇంకో మతం పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి, మీరు చాలా ధైర్యం చేశారు, వాళ్లకు అట్లాగే కావాలి అని నన్ను తెగ మెచ్చుకున్నాడు. అరగంట తర్వాత తమ ప్రకటన పంపాడు. వాక్యాలు వేరే గ్రంథంలోవి, మిగతాదంతా అదే, వానలతో సహా. అది కూడా వెయ్యనన్నాను. శాంతి కమిటీ సమావేశాల్లో ఎన్నడూ ఒక్క మాట మీద నిలబడని ఆ ఇద్దరూ ఆ తర్వాత కలిసి వచ్చి నా మీద ఫిర్యాదు ఇచ్చిపోయారు. జిల్లాలో మత సామరస్యానికి నేను చేసిన సేవ అది.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. నిర్వాహకుడు వెళ్లిపోయాడు. దంపతులు నా బల్ల ముందు కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి. రిటైర్మెంటు ప్రకటన ఆఖరి సారి సరిచూసి పంపాలి. మధ్యలో ఆయన. చుట్టూ భార్య, కూతురు, అల్లుడు, ఇద్దరు మనుమలు, కొడుకు. ఆమె ఒకసారి ఆయన మొహం చూసి, సంచిలోంచి ఇంకో ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. సన్నటి పిల్లవాడు, గీతల చొక్కా. ఎవరో ఆయనకు చెప్పనక్కర్లేదు.

ఆమె ఆ ఫోటో కింద 'దోస్తు' అని రాయమంది. నేను ఆ ఇద్దరు పిల్లలనూ అడగకుండా ఏదీ వెయ్యనన్నాను. పొద్దున ఒక ఫోటో ఎందుకో చెప్పకుండా వాడినందుకే ఇంత జరిగింది. ఆమె కొడుక్కి ఫోన్ చేసింది. ప్రకటన ఆగిందని చెప్పి, ఈ ఫోటో సంగతి కూడా చెప్పింది. అవతల ఏమన్నాడో, ఆమె ఫోన్ మెల్లగా భర్త వైపు చాపింది.

ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని, "తిన్నవా?" అని అడిగాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత జరిగాక కూడా అదే మాటా అనుకున్నాను. ఆయన ఫోన్ భార్యకు ఇవ్వలేదు. "గా పిలగాడు తిన్నడా?" అన్నాడు. ఇంకొంచెంసేపు విన్నాడు. "పొద్దుగాల బస్సుకు రాండ్రి. ఇద్దరు రాండ్రి," అని పెట్టేశాడు.

ఆమె మళ్లీ 'దోస్తు' అని రాయమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మన ఇంటి ప్రకటనల దోస్తు ఎందుకుంటడు? దోస్తులు మస్తుమంది ఉన్నరు నాకు, అందరివి ఏస్తమా? మనింటి మనిషని రాయుండ్రి."

అట్లాగే రాశాం. కొడుక్కి మళ్లీ ఫోన్ చేసి చదివి వినిపించాను. సరేనన్నాడు, రెండో అబ్బాయి కూడా ఫోన్ తీసుకుని సరేనన్నాడు. నేను ప్రకటన పైకి పంపి, వాళ్లను బస్సెక్కించి ఇంటికి పోయాను. ఆ రోజుకు నా పని అయిపోయిందనుకున్నాను.

చివరి పేజీ కింది సగం ఖాళీగా ఉన్న సంగతి నేను మరిచిపోయినా పేజీ పెట్టే మనిషి మరిచిపోడు. మరునాడు పొద్దున పేపర్ తెరిచి చూస్తే, మూలన అగ్గిపెట్టెంత ఉండాల్సిన రిటైర్మెంటు, ఆ ఖాళీ అంతా నిండేలా, అరపేజీ, రంగుల్లో వచ్చింది. గుండ్రటి ఫోటోలు ఒక్కోటి పళ్లెమంత. ఇంత పెద్దది ఎవరు వెయ్యమన్నారని సారుకు ఫోన్ చేస్తే, మూలన ఒక్కటే బోసిగా ఉందని ఆపరేటర్ సాగదీశాడట, తాను చూసి బాగానే ఉందన్నాడట. ముందు రోజు కాదన్న సంతోషంలో ఆయన అన్నింటికీ అవునంటున్నాడు. ఇంట్లోవాళ్లకు చిన్నదని చెప్పాం, ఊరంతా చదివేంత పెద్దది చేశాం. ఆ ఇద్దరు పిల్లలు బస్సులో వస్తూ ఉంటారు. ఆ బస్సులో ప్రతి సీట్లో మా పేపరే ఉంటుంది.

ఉండబట్టలేక మంచిర్యాల బస్సెక్కాను. నస్పూర్‌లో విలేకరి ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. పొద్దుటి నుంచి ఆయనకు ఫోన్లేనట. ఆ ఒక్కాయనకు అరపేజీ వేసినప్పుడు మాకు పావు పేజీ కూడా లేదా అని, ఆ రోజు రిటైరవుతున్న వాళ్లంతా మరునాటికి పెద్ద ప్రకటనలు రాయించుకున్నారు. టార్గెట్ దాటిపోయింది. కార్డు మెడలోనే ఉంది. ఫోటోల కట్టకు కొత్త రబ్బరు బ్యాండు కూడా వేసుకున్నాడు.

నేను పోయేసరికి ఊరేగింపు అయిపోయి ఇంట్లో భోజనాలు నడుస్తున్నాయి. ఆమె నన్ను చూసి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. కొడుకు వచ్చాడు, ఆ పిల్లవాడూ వచ్చాడు, ఎవరూ చెప్పకుండానే నీళ్లు వడ్డిస్తున్నాడు. చుట్టాల్లో కొందరు వాళ్లను చూసీ చూడనట్టు ఉన్నారు. ఒకరిద్దరు తినకుండానే లేచిపోయారట. ఆమె దిగులు దాని గురించి అనుకున్నాను. అది కాదు.

"అల్లుడు అలిగిండు అక్కా. కొత్తాయనది పెద్దగ వచ్చింది, నాది చిన్నగ వచ్చిందని అన్నం ముట్టుతలేడు. మీ ఆపరేటర్ గిట్లెందుకు జేసిండు?"

చూస్తే నిజమే. కొలిస్తే ఆ అల్లుడి ఫోటో మిగతా వాటికన్నా గోటి మందం చిన్నదే. నేను సవరణ వేయిస్తానని చెప్పబోయాను. పంక్తిలో కూర్చున్న పెద్దమనిషి, మెడలో దండ ఇంకా తియ్యలేదు, తల ఎత్తకుండానే అన్నాడు.

"అలగనియ్యి. ఇంట్ల ఇద్దరు అల్లుండ్లు అయినంక గిట్లనే ఉంటది."

నీళ్ల జగ్గు పట్టుకున్న ఆ బోథ్ పిల్లవాడు ఉన్నచోటే నిలబడ్డాడు. జగ్గు కింద పెట్టి పెరట్లోకి పోయాడు. కొడుకు వెంట పోబోతే తల్లి చెయ్యి పట్టి ఆపింది.

"ఏడ్వనియ్యి జరసేపు. చాన దినాలకు ఇంటికొచ్చిండు," అంది.

ఆయన విస్తరి వైపు చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి, కూర ఇంకొంచెం వెయ్యమన్నాడు.